ఒక సూర్యోదయం ఎక్కువ

"ఔట్! నీ కాలు నీళ్ళలో పడింది!"

నిజానికి అక్కడ నీళ్ళు లేవు. సిమెంటు నేల మీద తెల్లటి సుద్దగీత ఉంది. ఆ గీతకు అవతల ఉన్నదంతా సముద్రమని పిల్లలు పొద్దున్నే తీర్మానించేశారు. బెంగళూరులో, మారతహళ్ళిలో, మా అపార్ట్‌మెంట్ కింద కార్లు తీయించిన పార్కింగ్ జాగా అది. దసరా సెలవుల్లో ఆదివారం. గీత లోపల పడవ, అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఔటైన పిల్లకి ఏడేళ్ళు. పెదవి వణుకుతోంది.

"నడుముకు తాడు కట్టుకోమన్నానా లేదా? సముద్రం ఊరుకుంటాదేటి?" అన్నారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తాతగారు. ఆయనది భీమిలి. సరుకు ఓడల్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, కొడుకు ఉద్యోగంతో పాటు ఈ ఊరొచ్చారు. ఆ రోజు పోటీలకు జడ్జీ ఆయనే. పాప నడుముకు తన తువ్వాలే కట్టి, రెండో కొస పక్కనున్న అక్క చేతికిచ్చి, మళ్ళీ పడవలోకి ఎక్కించారు. జడ్జీ ఇలా చేయొచ్చా అని ఎవరో అడిగారు. "సముద్రంలో మనిషి పడితే ముందు లాగుతారు, రూల్సు తర్వాత" అన్నారాయన.

ఇదంతా మా ఇంటి బొమ్మల కొలువుతో మొదలైంది. మైసూరుకు దగ్గరున్న ఊరు కావడంతో దసరా బొమ్మలకు లోటు లేదు. పట్టపు రాజా రాణీ, చన్నపట్టణ కొయ్యబొమ్మలు, మా అమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు, అన్నీ మెట్ల మీదికి ఎక్కాయి. కింది మెట్టు మీద ఈసారి ఒక పడవ పెట్టాను. థర్మకోల్‌తో చేసిన తెరచాప పడవ, అందులో తెల్ల దుస్తుల్లో ఆరు బొమ్మలు. పేరంటానికొచ్చిన పిల్లలు రాజారాణుల్ని చూసి వెళ్ళిపోలేదు. పడవ దగ్గరే ఆగారు. "వీళ్ళెవరు ఆంటీ?" అని అడిగారు.

చెప్పడం మొదలుపెట్టాను.

ఆ పడవ పేరు తారిణి. భారత నౌకాదళానికి చెందిన తెరచాప పడవ. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారై, 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. ఒడిశాలో గంజాం జిల్లాలో, ఋషికుల్యా నది ఒడ్డున కొండ మీద వెలసిన తారాతారిణి అమ్మవారి పేరే దీనికి పెట్టారు. తారిణి అంటే దాటించేది. బరంపురం చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఆ అమ్మవారు పరాయి కాదు.

2017 సెప్టెంబరు 10న గోవాలో, నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ మాండోవి నుంచి ఆ పడవ బయలుదేరింది. ఎక్కింది ఆరుగురు, అందరూ మహిళలే. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా మిగతా ఐదుగురు. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. ఆరుగురిలో ఇద్దరు మనమ్మాయిలు. స్వాతి నౌకాదళంలో విమానాల రాకపోకలను నడిపించే అధికారి. ఐశ్వర్య ఓడల నిర్మాణం చదువుకున్న ఇంజనీరు. సముద్రం మీద మాత్రం ఎవరి ఉద్యోగం వాళ్ళది కాదు. తెరచాప దించాలంటే అందరూ కూలీలే, వంటకు అందరూ వంటవాళ్ళే.

పడవకు జెండా ఊపిన అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ ఆ రోజుల్లో కర్ణాటక నుంచే రాజ్యసభ సభ్యురాలు. ఆ స్థావరానికి పేరిచ్చిన మాండోవి కూడా మా కర్ణాటకదే. బెళగావి జిల్లా ఖానాపుర అడవుల్లో మహదాయిగా పుట్టి, గోవాలో మాండోవిగా సముద్రంలో కలుస్తుంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, ఎటు చూసినా రేవు కనిపించని ఊళ్ళో ఉంటున్నామని దిగులు పడే మా పిల్లలకు ఇదే మొదట చెప్పాను. మన రాష్ట్రపు వాన నీటి పక్క నుంచే ఆ పడవ ప్రయాణం మొదలైందని.

"ఆంటీ, ఆ పడవ ఎంతుంటుంది?"

ఆ ప్రశ్నతోనే టేపూ, సుద్దముక్కా బయటికొచ్చాయి. పొడవు 17 మీటర్లు. వెడల్పు, బాగా ఉన్న చోట, 5 మీటర్లు. గీసి చూస్తే ఆరు కార్లు పట్టే జాగా కూడా కాలేదు. ముక్కు దగ్గర కోసుగా పోతుంది కదా. నేను కూడా అలా నేల మీద చూడడం అదే మొదటిసారి. అందులోనే పడకలు, వంటిల్లు, సామాను, తెరచాపలు, ఇంజను, ఎనిమిది నెలలకు ఆరుగురు మనుషులు. తెరచాప స్తంభం ఎత్తు 25 మీటర్లు. "ఎనిమిదో అంతస్తు బాల్కనీ దాకా" అని తాతగారు తలెత్తి చూపిస్తే పిల్లలందరూ తలలెత్తారు. తుపానులో ఎవరో ఒకరు దాని మీదికి ఎక్కాల్సి వస్తే ఎలా ఉంటుందో వాళ్ళే ఊహించుకున్నారు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది.

అలా ఆరుగురు పిల్లలు, ఒక గంట, గీత దాటకుండా. మధ్యమధ్య పోటీలు.

మొదటి పోటీ తాతగారిది. "మా ఓడలో రోజూ ఇదే ఆట" అన్నారు. ఓడ నిన్న మిట్టమధ్యాహ్నం నుంచి ఇవాళ మిట్టమధ్యాహ్నం దాకా ఎంత దూరం పోయిందో ఎవరికి వాళ్ళు చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. దగ్గరగా చెప్పినవాడికి మిగతావాళ్ళంతా టీ పోయించాలి. పాత ప్రయాణికుల ఓడల్లో దొరలు పందేలు కాసుకున్న ఆటే ఇది. సరుకు ఓడల్లో మాత్రం టీకే పరిమితం. "ఆ టీ కోసం కాదమ్మా. పన్నెండు గంటలప్పుడు అందరూ ఒక చోటికి వచ్చేవాళ్ళు. నెల రోజులు నీళ్ళు తప్ప ఇంకేం కనపడని చోట, పన్నెండింటికి ఒక పని ఉందంటే మనిషి నిలబడతాడు."

తారిణి సగటున రోజుకు ఎంత దూరం పోయుంటుంది? చీటీలు డబ్బాలో పడ్డాయి. రెండు వేల కిలోమీటర్లు అన్నారొకరు. వెయ్యి అన్నారు ఇద్దరు. పదో తరగతి చదివే పిల్ల మాత్రం మూడు వందలు రాసింది.

లెక్క తేల్చాం. మొత్తం ప్రయాణం 21,600 నాటికల్ మైళ్ళు. ఓడరేవుల్లో ఆగిన రోజులు తీసేస్తే సముద్రం మీద గడిపినవి 199 రోజులు. భాగిస్తే రోజుకు 108 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 200 కిలోమీటర్లు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు. సైకిల్ కంటే నెమ్మది.

అప్పుడే శనగ గుగ్గిళ్ళ గిన్నెతో కిందికి దిగిన ఎదురింటి అమ్మమ్మగారు ఆగిపోయారు. "ఎంతన్నారూ? నూటెనిమిదా? మొత్తం ఇరవయ్యొక్క వేల ఆరు వందలా?" అని మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. మనిషి రోజుకు తీసే ఊపిరులు 21,600 అని మన పెద్దలు లెక్క కట్టారు. హంస జపం అంటారు. నిమిషానికి పదిహేను చొప్పున వేస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఆ సంఖ్య సముద్రానికి ఎలా వచ్చిందని ఆవిడ ఆశ్చర్యం. దాని వెనక ఉన్నది భూగోళం. భూమి చుట్టూ 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు, ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు. హెచ్చిస్తే 21,600. భూమిని చుట్టివచ్చామని చెప్పుకోవాలంటే కనీసం అంత దూరం ప్రయాణించాలి. భూమధ్యరేఖను దాటాలి, అన్ని రేఖాంశాలూ దాటాలి, ఏ కాలువలోనూ దొంగదారిన పోకూడదు, బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. అమ్మమ్మగారు గుగ్గిళ్ళు పంచడం మరచిపోయి ఆ సంఖ్యను రెండుసార్లు పైకి అనుకున్నారు.

ఆమె లెక్కకు ఇంకొకటి కలిపాను. తారిణి భూమధ్యరేఖ దాటింది 2017 సెప్టెంబరు 25న. ఆ రోజు క్యాలెండరు తీసి చూడండి, శరన్నవరాత్రులు. ఇక్కడ మన ఇళ్ళలో కొలువుకు హారతి ఇస్తున్న రోజుల్లో, అమ్మవారి పేరున్న పడవలో ఆరుగురు ఆడపిల్లలు దక్షిణార్ధగోళంలోకి దిగారు.

ఓడ భూమధ్యరేఖ దాటేటప్పుడు ఆటలాడడం వందల ఏళ్ళనాటి నావికుల ఆచారం. ఒకడు గడ్డం కట్టుకుని సముద్రరాజు నెప్ట్యూన్ అవుతాడు. అంతకుముందు రేఖ దాటినవాళ్ళంతా ఆయన కొలువు. మొదటిసారి దాటే కొత్తవాణ్ణి నేరస్తుడిలా నిలబెట్టి విచారణ చేస్తారు. సబ్బు నురగ పూస్తారు, నీళ్ళు గుమ్మరిస్తారు, ఆ తర్వాత కౌగిలించుకుని తమవాణ్ణి చేసుకుంటారు. తాతగారికి ఆ శాస్తి జరిగింది ఇరవై రెండేళ్ళ వయసులో. మిగిలిపోయిన పిండీ, వంటనూనే కలిపి తలకు రుద్దారట. "కడుక్కోవడానికి మంచినీళ్ళు ఇవ్వరు. వాన కోసం చూడాల. భూమధ్యరేఖ దగ్గర వాన ఎప్పుడంటే అప్పుడు పడతాది. పడింది. సబ్బు రాసుకున్నాను. ఇలా కళ్ళు మూసుకున్నానో లేదో, వాన ఆగిపోయింది!" పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన సబ్బు కళ్ళతో తడుముకుంటూ నడిచిన నడక కుర్చీలోంచి లేచి చూపించారు. డెబ్భయ్యేళ్ళు దాటిన మనిషి. ఆ క్షణాన ఇరవై రెండేళ్ళ కుర్రాడే కనిపించాడు.

తారిణి వాళ్ళకు రేఖ దాటడం కొత్త కాదు. దిలీప్ దోందే దగ్గర శిక్షణ తీసుకునేటప్పుడే మహాదేయి అనే పడవలో మారిషస్ దాకా, కేప్‌టౌన్ దాకా వెళ్ళొచ్చారు. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు ఆ దోందే. గురువు మామూలువాడు కాదు.

దీపావళి కూడా నీళ్ళ మీదే వచ్చింది. అక్టోబరు 19. ప్రధాని వాళ్ళతో మాట్లాడి పండగ శుభాకాంక్షలు చెప్పారు. నాలుగు రోజులకు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు చేరారు. అక్కడి నుంచి న్యూజిలాండ్‌లోని లిటిల్టన్. డిసెంబరు 12న అక్కడి నుంచి కదిలారు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

పిల్లల్ని గీత లోపల కూర్చోమన్నాను. ఒకరినొకరు పట్టుకోమన్నాను.

దక్షిణ పసిఫిక్. అక్కడ కెరటానికి అడ్డుపడే నేల లేదు. గాలి భూమి చుట్టూ ఆగకుండా తిరుగుతుంది, కెరటం దానితో పాటు పెరుగుతూ పోతుంది. గాలి వేగం 60 నాట్లు దాటింది, అంటే గంటకు 110 కిలోమీటర్ల పైన. అలలు ఏడు మీటర్ల ఎత్తు లేచాయి. రెండంతస్తుల ఇల్లు వెనక నుంచి వచ్చి మీద పడుతున్నట్టు. ఒకటి కాదు, వరసగా, పగలూ రాత్రీ. చేతులు కొంకర్లు పోయే చలి. డెక్కు మీద నడవాలంటే నడుము తాడు పడవకు తగిలించి ఉండాల్సిందే. అది విప్పి రెండడుగులు వేస్తే చాలు, మనిషి దక్కదు. ఆ నీళ్ళలోకి జారినవాళ్ళ ప్రాణాన్ని, పడవ వెనక్కి తిప్పేలోపే చలి తీసేయొచ్చు.

తువ్వాలు కట్టుకున్న చిన్నపాప దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆ దఫా ప్రయాణం దాదాపు నలభై రోజులు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, మన సంక్రాంతి అన్నీ అక్కడే. విశాఖలో భోగి మంటలు, హైదరాబాదులో గాలిపటాలు. స్వాతి, ఐశ్వర్య ఆ రోజుల్లో ఉన్నది దక్షిణ అమెరికా కొసకు దగ్గరలో, భూమ్మీద నావికులు అన్నిటికన్నా ఎక్కువ భయపడే మూల దగ్గర. జనవరి మూడో వారంలో తారిణి కేప్ హార్న్ చుట్టింది. పర్వతారోహకులకు ఎవరెస్టు ఎలాగో తెరచాప నావికులకు కేప్ హార్న్ అలాగ. దాన్ని దాటిన నావికుడు చెవికి బంగారు పోగు పెట్టుకోవచ్చని పాత సంప్రదాయం. పిల్లల్లో నలుగురు వెంటనే తమ చెవులు తడుముకున్నారు, పోగులు ఉన్నాయి కదా అని.

ఇలాంటి చోట ఆటలేమిటి, పాటలేమిటి అనిపించవచ్చు. తాతగారు ఒప్పుకోలేదు. తుపాను ఎవరినీ విడదీయదట. తుపానులో అందరూ ఒకటే అవుతారు. మనుషులు విడిపోయేది గాలి లేని రోజుల్లో. అదే మొహం, అదే దగ్గు, అదే చెంచా చప్పుడు. ఇరవయ్యో రోజు నాటికి పక్కవాడు నమిలే చప్పుడుకి కూడా కోపం వస్తుంది. "అప్పుడు తెలివైన కెప్టెన్ ఏం చేస్తాడంటే, పందెం పెడతాడు. ముడి వేసే పందెం, పాటల పందెం, ఎవరి ఊరు గొప్పదో చెప్పే పందెం. అది కాలక్షేపం కాదు, చుక్కాని పట్టుకోడం ఎంత పనో అదీ అంత పని." నేను పుస్తకాల్లో చదివినదంతటి కన్నా ఈ ఒక్క మాటే ఎక్కువ అనిపించింది. పదిహేడు మీటర్ల ఇంట్లో ఆరుగురు ఎనిమిది నెలలు ఉండి, దిగాక కూడా ఒకరి గురించి ఒకరు ప్రేమగా మాట్లాడుకోవడం ఊరికే జరగదు.

ఆ మాట మీదే రెండో పోటీ పెట్టాం. ఇల్లు వదిలి ఎనిమిది నెలలు పడవలో ఉంటే దేన్ని తలచుకుంటారు? బాగా చెప్పినవాళ్ళకు మార్కులు. పిజ్జా అన్నారు, ఫోన్ అన్నారు. ఒక పిల్ల "రాజమండ్రిలో మామ్మ వాళ్ళింట్లో నులకమంచం" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాతగారు పదికి పది వేశారు.

ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, తర్వాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. మార్చి 14న కేప్‌టౌన్ వదిలారు. నాలుగు రోజులకు ఉగాది. హేవిళంబిలో ఇంటి నుంచి బయలుదేరినవాళ్ళకు విళంబి ఆఫ్రికా కింద, నీళ్ళ మీద వచ్చింది. ఇక ఇంటిదారే అనుకుంటుండగా చుక్కాని తిప్పే యంత్రం చెడింది. అనుకోకుండా మారిషస్ వైపు మళ్ళి, ఏప్రిల్‌లో పోర్ట్ లూయీ చేరి, బాగుచేయించుకుని మళ్ళీ కదిలారు. 2018 మే 21న గోవా చేరారు. బయలుదేరిన రోజూ చేరిన రోజూ కలిపి 254 రోజులు. ఆరుగురూ క్షేమం.

ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. గోవాలో వాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళు ఎన్ని సూర్యోదయాలు చూశారో, పడవలో ఉన్నవాళ్ళూ అన్నే చూశారా?

"అన్నే కదా" అన్నారు అందరూ. పదో తరగతి పిల్ల మాత్రం నోరు విప్పలేదు. కొలువు దగ్గరున్న గ్లోబు తెమ్మంది. ఒకరి చేత ఫోన్ లైటు పట్టించింది, అది సూర్యుడు. తన వేలిని గోవా మీద పెట్టి తూర్పుకు కదిలిస్తూ, రెండో చేత్తో గ్లోబు తిప్పింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఆగి, నెమ్మదిగా అంది: "వీళ్ళు తూర్పుకి పోతున్నారు. అంటే సూర్యుడికి ఎదురు పోతున్నారు. రోజూ కొంచెం ముందే కలుస్తాడు. ఒక సూర్యోదయం ఎక్కువ!"

నిజమే. సముద్రం మీద ఉన్న రోజుల్లో సగటున రోజుకు ఏడు నిమిషాల చొప్పున వాళ్ళ పొద్దు ముందుకొచ్చింది. భూమి చుట్టూ తిరిగేసరికి అవన్నీ కలిసి నిండుగా ఒక రోజు. అందుకే లిటిల్టన్ వదిలిన కొద్ది రోజులకు అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు వాళ్ళకు ఒకే తేదీ రెండుసార్లు వచ్చింది. చిన్నపాప మరో సందేహం అడిగింది. ఆ రోజు ఎవరిదైనా పుట్టినరోజైతే రెండుసార్లు కేకు కోస్తారా అని. కోస్తారనే జడ్జీగారి తీర్పు.

బహుమతిగా పెట్టిన పడవ బొమ్మను పదో తరగతి పిల్ల గెలుచుకుంది. విజయదశమి వెళ్ళాక ఇస్తానని చెప్పాను, అప్పటిదాకా కొలువులోంచి కదపకూడదు కదా. తారిణిలో వెళ్ళిన ఆ ఆరుగురికీ నౌసేనా పతకం, టెన్జింగ్ నార్గే సాహస పురస్కారం వచ్చాయి. అదే తారిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు నౌకాదళ అధికారిణులు మాత్రమే బయలుదేరి, 2025 మే నెలాఖరుకు భూమిని చుట్టి గోవా చేరారు. ఆరుగురు పంచుకున్న పడవ పనిని ఇద్దరు మోశారు.

సాయంత్రం కార్లు తిరిగి వచ్చాయి. సుద్దగీత సగం టైర్ల కింద చెరిగిపోయింది. ముక్కు దగ్గర కోసు మాత్రం రెండు రోజులు కనిపించింది.

మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే వచ్చే ఆదివారం ఒక టేపు, ఒక సుద్దముక్క తీసుకుని కిందికి దిగండి. పదిహేడు మీటర్లు, ఐదు మీటర్లు కొలిచి గీయండి. ఆరుగురిని లోపల నిలబెట్టండి. నడుముకు తాడు కట్టండి. వాళ్ళు ఆడుకుంటుండగా విశాఖపట్నం స్వాతి పేరు, హైదరాబాదు ఐశ్వర్య పేరు చెప్పండి. మీ వీధిలో ఓడల్లో పనిచేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయనకొక కుర్చీ వేయండి.